పండుటాకు, ఎండుటాకు: కష్టకాలమున మొక్క చేయు పొదుపు

(రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సార్వా పంట చివరను మాకు తప్పక ఎదురగు ప్రశ్న ఒకటి ఉన్నది. వరి ఈని, గింజ పాలు పోసుకొని కంకులు వంగుచుండగా, దుబ్బు అడుగున ఉన్న ఆకులు ఒక్కొక్కటిగా పసుపు బారును. రైతు గట్టుమీద నిలిచి చూచి, "అయ్యా, అడుగాకు పండిపోవుచున్నది. పైరు నీరసించినట్లున్నది. ఇంకొక బస్తా యూరియా చల్లమందురా?" అని అడుగును. కొందరు అడుగను కూడ అడుగరు. బస్తా విప్పి చల్లివేయుదురు.

ఆ బస్తా చాలమారులు దండుగ అగును. కొన్నిమారులు డబ్బు పోవుటయే కాక, నిలిచియున్న పైరు కూడ పడిపోవును. అట్లని పసుపు బారిన ప్రతి ఆకును చూచి ఇది సహజమే అని ఊరకుండుటయు తప్పే. ఏ పసుపు మొక్క చేయు పొదుపు, ఏ పసుపు మొక్క పెట్టు మొర అనునది తెలియవలెనన్న, ముందుగా ఆకు లోపల జరుగు పని తెలియవలెను. నేడు ఆ సంగతి మీతో ముచ్చటించదలచినాను.

మన భాషలో ఆకు ముదిరి పసుపు బారినప్పుడు "పండినది" అందుము. ఎండకో తెగులుకో మాడినదానిని "ఎండినది" అందుము. పండుటాకు వేరు, ఎండుటాకు వేరు. మన పెద్దలు కంటితో చూచి పెట్టిన ఈ రెండు పేర్లలో గొప్ప సత్యము ఇమిడియున్నది. శాస్త్రజ్ఞులు దానిని సూక్ష్మదర్శినితో చూచి వివరించుటకు చాలకాలము పట్టినది.

ఆకులోని కొట్టుగది

ఆకును సూక్ష్మదర్శిని క్రింద చూచినచో అంతయు చిన్న చిన్న గదుల కూర్పుగా కనిపించును. ఈ గదులనే కణములు అందురు. ప్రతి కణము ఒక సంసారము వంటిది. అందులో హరితరేణువులు అను పచ్చని రేణువులు వంటశాలలు. అవి ఎండను పట్టి, నీటిని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలిపి చక్కెర తయారుచేయును. మైటోకాండ్రియా అను మరికొన్ని రేణువులు ఆ చక్కెరను ఖర్చుపెట్టి శక్తినిచ్చు పొయ్యిలు. కణము నడుమ నీటితో నిండిన పెద్ద తిత్తి ఉండును. దీనిని రిక్తిక అందురు. బాగుగా ఎదిగిన కణములో నూటికి 80 పాళ్లకు పైగా చోటును ఈ తిత్తియే ఆక్రమించుకొనును. పేరు రిక్తిక అయినను అది ఉత్త ఖాళీ కాదు. దాని పని ముందు చెప్పుదును.

వరి, గోధుమ వంటి పైరుల ఆకులలోని నత్రజనిలో సుమారు ముప్పాతిక వంతు హరితరేణువులలోనే ఉండును. అందులోను రుబిస్కో అను ఒక్క మాంసకృత్తులోనే పెద్ద భాగము ఉన్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టునది ఈ రుబిస్కోయే. భూమిమీద ఉన్న మాంసకృత్తులలో అత్యంత సమృద్ధియైన వాటిలో ఇది ఒకటి. అనగా మీరు చల్లిన యూరియాలో మొక్క పీల్చుకొన్న నత్రజని చాలవరకు ఈ వంటశాలల గోడలలో, పనిముట్లలో చేరియుండును. ఆకు పచ్చగా ఉన్నంతకాలము అది వంటశాల. మొక్కకు కష్టము వచ్చిననాడు అదే కొట్టుగది.

పాత ఇల్లు విప్పు పద్ధతి

పాత పెంకుటిల్లు విప్పుట మీరందరు చూచియుందురు. గునపముతో పొడిచి కూలద్రోసినచో మిగులునది మట్టిదిబ్బ. తెలిసినవాడు అట్లు చేయడు. ముందు పెంకులు దింపి పేర్చును. తరువాత వాసములు, దూలములు ఊడదీయును. గుమ్మములు, తలుపులు జాగ్రత్తగా తీసి ప్రక్కన పెట్టును. ఆ సామానంతయు బండిపై కొత్త ఇంటికి పోవును. చివరకు మొండిగోడలు మాత్రము మిగులును.

పండుటాకులో జరుగునది సరిగా ఇదే. వేళ్లకు నత్రజని అందక పోయినను, నీరు చాలక పోయినను, మబ్బులు కమ్మి చక్కెర తయారు కాకున్నను, కణమునకు ఆకలి వేయును. అప్పుడు కణములో పలుచని పొర ఒకటి పుట్టి గిన్నెవలె వంగును. పాతబడిన భాగమును, చెడిన భాగమును, లేక ప్రస్తుతము అక్కరలేని భాగమును తనలోనికి తీసికొని, అంచులు కలిసి మూటవలె ముడిపడును. ఈ మూట నీటితిత్తిని చేరి దాని పొరతో కలిసిపోవును. లోపలి సరుకు తిత్తిలోనికి జారును. అక్కడ ఉన్న ఎంజైములు ఆ సరుకును విడగొట్టును. మాంసకృత్తులు అమైనో ఆమ్లములుగా విడిపోవును. ఆ ముక్కలతో కణము తన అవసరము తీర్చుకొనును, లేదా ఆహారము మోయు నాళముల ద్వారా కొత్త ఆకుకు, వేరుకు, గింజకు పంపును.

హరితరేణువు పెద్ద వస్తువు. దానిని ఒక్క మూటగా కట్టుట కష్టము. కాబట్టి మొదట రుబిస్కోతో నిండిన చిన్న ముక్కలు దానినుండి తుంపబడి తిత్తికి పోవును. రేణువు చిక్కి చిన్నదైన పిమ్మట మిగిలినది కూడ మొత్తముగా పోవచ్చును. మైటోకాండ్రియా మాత్రము చాలవరకు చివరిదాక నిలిచియుండును. ఇల్లు విప్పు కూలీలకు పని ముగియువరకు కూడు కావలెను గదా! అట్లే చాల మొక్కల ఆకులలో ఈనెల ప్రక్కనున్న కణములు చివరిదాక పచ్చగా ఉండును. బండ్లు పోవు బాట మూసికొనిపోయినచో విప్పిన సామాను ఎటు పోవును?

ఈ పనికి శాస్త్రజ్ఞులు ఆటోఫాజీ అని పేరు పెట్టిరి. తన్ను తాను తినుట అని దాని అర్థము. మనము స్వభక్షణము అనవచ్చును. ఈ పేరు పెట్టినది బెల్జియం దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డువ్, 1963లో. లోపలి కీలు బయటపెట్టినది జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఒహ్సుమి. కల్లు పులియుటకు, రొట్టె పొంగుటకు కారణమగు ఈస్టు కణములను ఆయన ఆకలికి గురిచేసి చూచెను. సరుకును విడగొట్టు ఎంజైములు లేని ఈస్టును ఎంచుకొనుటచే, మూటలు కరగక తిత్తిలో కుప్పపడుట స్పష్టముగా కనిపించెను. ఈ సంగతి 1992లో ప్రకటింపబడినది. తరువాత ఈ పనికి కావలసిన జన్యువులను ఆయన బృందము గుర్తించినది. ఇందుకు 2016లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఈస్టులో ఉన్న జన్యువులను పోలినవే వరిలోను, మొక్కజొన్నలోను, మనలోను ఉన్నవి.

కణము ఇష్టము వచ్చినట్లు తన్ను తాను తినదు. టార్ అను ఒక మాంసకృత్తు కాపలా కాయుచుండును. నత్రజని, చక్కెర సమృద్ధిగా ఉన్నంతకాలము అది మూటలు ఎక్కువగా కట్టనీయదు. కొరత రాగానే దాని పట్టు సడలును. ఆకలి లేనినాడు కూడ ఈ పని కొద్దిగా జరుగుచునే ఉండును. అది రోజూ ఇల్లు ఊడ్చుట వంటిది. వడగాలికి, ఉప్పునీటికి చెడిన మాంసకృత్తులు కణములో పేరుకొనకుండ ఎత్తిపోయుటకు ఈ ఊడ్పు చాల అవసరము.

ఒక మాట చెప్పవలెను. ఆకులోని సరుకు విడగొట్టుటకు మూటలు కట్టుట ఒక్కటియే మార్గము కాదు. పత్రహరితమును, కొన్ని మాంసకృత్తులను విడగొట్టు వేరు మార్గములు కూడ కణములో ఉన్నవి. అయినను ఆకలినాడు ఈ మార్గము ముఖ్యమైనవాటిలో ఒకటి.

పొదుపు తెలియని మొక్కలు

తన్ను తాను తినుట మొక్కకు చేటు కాదా అని మీకు తోచవచ్చును. ఈ సందేహమును తీర్చుటకు శాస్త్రజ్ఞులు ఈ జన్యువులు చెడిన మొక్కలను పెంచి చూచిరి. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో ఈ పరీక్ష ఫలితములు 2002లో వెలువడినవి. స్వభక్షణము చేయలేని మొక్క ఆకులు ఎక్కువకాలము పచ్చగా ఉండునని మనము అనుకొందుము. జరిగినది దానికి వ్యతిరేకము. ఆ మొక్కల ఆకులు మిగిలినవాటికన్న ముందుగా పసుపు బారినవి. నత్రజని తగ్గించినప్పుడు అవి మరింత త్వరగా క్రుంగినవి.

మొక్కజొన్నలో ఇటువంటి పరీక్ష ఫలితములు 2015లో ప్రకటించిరి. నత్రజని కొరతలో ఆ మొక్కలు బాగుగా దెబ్బతిన్నవి, గింజకు చేరు నత్రజని తగ్గినది. వరిలో ఇంకొక వింత కనిపించినది. ఈ జన్యువు చెడిన వరిలో పుప్పొడి సరిగా ముదరలేదు, గింజ కట్టలేదు. ఇది 2014లో వెలువడిన సంగతి. మరుసటి యేడు తెలిసినది ఏమనగా, ఆ వరి ముదురాకులలోని నత్రజనిని తీసి లేతాకులకు సరిగా పంపలేక గిడసబారినది.

అనగా స్వభక్షణము మొక్క చావు కాదు. క్రమము తప్పని పొదుపు. పొదుపు తెలియని సంసారము కరవునాడు ముందుగా కూలిపోవును. ఈ జన్యువులను మరింత చురుకుగా పనిచేయించి తక్కువ ఎరువుతో ఎక్కువ పంట తీయవచ్చునా అని కూడ ప్రయోగములు జరిగినవి. అవి ప్రయోగశాల మొక్కలే కాని అంగడిలో దొరకు విత్తనములు కావు. ఈ పేరు చెప్పి ఎవరైన విత్తనము గాని, మందు గాని అమ్మజూపినచో, కొనకముందు మీ వ్యవసాయాధికారిని అడుగుడు.

పసుపు రంగును చదువు విధము

ఇక పొలములోనికి వత్తము. ఆకు పసుపు బారినప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఏ ఆకు? ఏ దశ?

మొదటిది: అడుగాకులు పండుచున్నవి, పైరు ఈని గింజ పోసికొనుచున్నది. ఇది పండుటాకు. వరి కంకిలో చేరు నత్రజనిలో సగముకన్న ఎక్కువ పాలు ఆకులు, కాండము ముందుగా కూడబెట్టినదే. అడుగాకు తన సరుకు అప్పగించి సెలవు తీసికొనుచున్నది. పై మూడు ఆకులు పచ్చగా ఉన్నచో భయపడనక్కరలేదు. ఇప్పుడు చల్లిన యూరియా కోతను ఆలస్యము చేయును, పైరు పడిపోవుటకు దారితీయును, దోమపోటుకు, మెడవిరుపు తెగులుకు పిలుపు అగును. 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని ఉన్నది. అది దమ్ములో ఒక వంతు, దుబ్బు చేయునప్పుడు ఒక వంతు, అంకురము ఏర్పడునప్పుడు ఒక వంతు అందినప్పుడే కంకికి చేరును. ఆ మూడు సమయములలో కొట్టుగది నింపినవాడు చివర బస్తా కోసము పరుగెత్తనక్కరలేదు.

రెండవది: పైరు ఇంకను దుబ్బు చేయుచున్నది, అయినను ముదురాకులు చివరనుండి పసుపు బారుచున్నవి, చేనంతయు లేత పసుపుగా ఉన్నది. ఇది నత్రజని ఆకలి. మొక్క ముదురాకును విప్పి లేతాకును పోషించుచున్నది. ఒక్కొక్క ఆకును విప్పినకొలది ఒక్కొక్క వంటశాల తగ్గును. ఇక్కడ ఆలస్యము చేయరాదు. నీరు పలుచగా తీసి, ఆ దశకు చెందిన యూరియా వెంటనే వేయవలెను.

మూడవది: ముదురాకులు పచ్చగా ఉండి లేతాకులు పసుపు లేక తెలుపు బారుచున్నవి. దీనికి యూరియా మందు కాదు. నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియము పాత ఆకునుండి కొత్త ఆకుకు సులభముగా ప్రయాణము చేయును. ఇనుము, సున్నము, బోరాను అట్లు కదలవు. అడుగాకులో అవి ఉన్నను లేతాకు పస్తుండవలసినదే. మొక్క ఎంత పొదుపరియైనను ఈ లోటు పూడ్చుకొనలేదు. సున్నము పాలు ఎక్కువగా ఉన్న నేలలలో వేరుశనగ లేతాకులు పాలిపోవుట మీరు ఎరిగినదే. ఇది ఇనుపధాతు లోపము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి, ఆకులు పూర్తిగా తడియునట్లు చల్లవలెను.

నాలుగవది: నాటిన రెండు నుండి నాలుగు వారములలో వరి ముదురాకులపై తుప్పురంగు మచ్చలు వచ్చి, ఆకు పెళుసై విరుగుచున్నది. ఇది జింకు లోపము. యూరియా వేసి లాభము లేదు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదు రోజుల ఎడముతో రెండు మూడు మారులు చల్లవలెను.

ఐదవది: ఆకు పండకుండనే పచ్చిగా మాడి ఎండుచున్నది. ఇదే ఎండుటాకు. ఎండాకు తెగులు గాని, పురుగు గాని, మందు ఎక్కువై మాడుట గాని కారణము కావచ్చును. ఇల్లు తగులబడినట్లు సామానుతో సహా ఆకు పోయినది. అందులోని నత్రజని గింజకు చేరలేదు. పైన ఉన్న మూడు ఆకులను, ముఖ్యముగా వెన్నుకు తోడుగా వచ్చు పోటాకును, తెగుళ్లనుండి కాపాడవలెనని మేము మరల మరల చెప్పుట ఇందుకే. ఆకు పండి రాలవలెను గాని ఎండి రాలరాదు.

బెట్టనాడు, ముంపునాడు

బెట్ట వచ్చినప్పుడు కంది, ప్రత్తి, జొన్న వంటి పైరులు అడుగాకులను వదలుకొనును. నీరు ఆవిరియై పోవు చోటును తగ్గించుకొని, ఆ ఆకుల సరుకును చివురుకు, వేరుకు పంపును. అయితే స్వభక్షణము నత్రజనిని తిరిగి ఇచ్చును గాని నీటిని పుట్టింపలేదు. ఇంట గింజలున్నంతవరకే పస్తు లేకుండ గడచును. మన సహాయము ఆ గడువు లోపల అందవలెను. ముందుగా కలుపు తీసి అంతరకృషి చేయవలెను. కలుపు త్రాగు నీరు పైరుకు దక్కును. ఎండిన నేలలో యూరియా చల్లరాదు. అది గాలిలో కలిసిపోవును. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి, ఎండ తగ్గిన వేళ ఆకులపై చల్లినచో, వేరు అందింపలేని నత్రజని ఆకు ద్వారా అందును. ఆకులు పూర్తిగా వాడిన తరువాత చల్లిన ఫలము తక్కువ.

ముంపు సంగతి గోదావరి, కృష్ణా డెల్టాలవారికి చెప్పనక్కరలేదు. నీట మునిగిన వరికి ఎండ సరిగా చేరదు, గాలి చాలదు, వంట సాగదు. కూడబెట్టిన చక్కెరతోను, తన ఒంటి సరుకుతోను బ్రతుకవలెను. మామూలు రకములు తల పైకెత్తవలెనని ఆత్రముగా సాగి ఉన్నదంతయు ఖర్చుచేసికొనును. నీరు తీసిన పిమ్మట లేచి నిలువలేవు. ఒడిశా ప్రాంతపు నాటు వరియొకటి దీనికి వేరుదారి పట్టినది. మునిగినప్పుడు పెరుగుట ఆపి, చక్కెర దాచుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుండును. ఈ గుణమునకు కారణమైన సబ్-1ఎ జన్యువును 2006లో గుర్తించిరి. ఆ గుణమును మన మార్టేరు పరిశోధనా స్థానమునుండి 1982లో వచ్చిన స్వర్ణ రకములోనికి ఎక్కించి స్వర్ణ సబ్-1 తయారుచేసిరి. 2009లో అది మన దేశమున విడుదలైనది. సుమారు రెండు వారముల ముంపును అది ఓర్చుకొనగలదు. ఇది స్వభక్షణము కాదు గాని, అదే పొదుపు నీతి. కష్టమునాడు బ్రతికినవాడు ఖర్చు తగ్గించుకొన్నవాడే.

ముంపు తీసిన పొలములో తొందరపడరాదు. ముందు నీరు బయటికి తీయవలెను. మునిగియున్న పైరుపై యూరియా చల్లుట కాలువలో చల్లుటయే. నీరు తీసిన తరువాత దుబ్బు మొదలు పట్టి చూడుడు. గట్టిగా ఉండి, నడిమి చివురు పచ్చగా కదలినచో ఆ మొక్క తన పొదుపుతో బ్రతికినది. అప్పుడు ఎకరమునకు సుమారు 20 కిలోల యూరియా, 10 కిలోల పొటాషు వేయవచ్చును. మొదలు మెత్తబడి కుళ్లిన వాసన వచ్చినచో దానికి ఎరువు వేయక, మరల నాటుటకు నారు చూచుకొనవలెను.

సోదరులారా! మొక్క తన ఇంటిలో ఒక్క గడ్డిపోచను కూడ దండుగ చేయదు. పాతదానిని విప్పి కొత్తదానిని కట్టుకొనును. తాను తినక గింజకు పెట్టును. మనము మాత్రము కొట్టుగది నింపవలసిన వేళ ఏమరి, సెలవు పుచ్చుకొను ఆకును చూచి బస్తా విప్పుచున్నాము. ఈ సార్వాలో మీరు చేయవలసినది ఒక్కటి. యూరియా బస్తా ముడి విప్పకముందు చేనిలోనికి దిగి నాలుగు చోట్ల నాలుగు దుబ్బులు విప్పి చూడుడు. పసుపు బారినది అడుగాకా, పైయాకా? పైరు దుబ్బు చేయుచున్నదా, పాలు పోసికొనుచున్నదా? ఆకు పండినదా, ఎండినదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికినచో బస్తా విప్పవలెనో వద్దో ఆకే మీకు చెప్పును.